డీ90 తర్వాత ఏ కెమెరా? పాత లెన్స్ పనికొస్తుందా?

అన్నలూ, అక్కలూ, మాది నల్లగొండ. ఉద్యోగం, పిల్లల హడావుడిలో ఆగిపోయిన ఫొటోగ్రఫీని మళ్లీ మొదలుపెడదామనుకుంటున్నా. పెళ్లి ఆర్డర్ల కోసం కాదు, సరదాకే. నా దగ్గర నికాన్ డీ90 ఉంది. 2008లో వచ్చిన మోడల్, 12 మెగాపిక్సెల్స్. బొటనవేలు ఆనే చోట రబ్బరు ఉబ్బి ఊడొస్తోంది గానీ షట్టర్ ఇప్పటికీ టక్కున పడుతుంది.

ఎక్కువగా తీసేది పానగల్లులోనే. ఛాయా సోమేశ్వరాలయం, పక్కనే ఉదయసముద్రం మీద పక్షులు. మండపంలో వెలుతురు తక్కువ, ఫ్లాష్ కొడితే నీడల అందమంతా పోతుంది. ఐఎస్‌వో (వెలుతురును పట్టే సెట్టింగ్) 1600 దాటిస్తే స్తంభాల మీద చెక్కడాలు కనబడవు, చుక్కలే. ఇక పక్షి లేచిందంటే ఫోకస్ అందేలోపు గట్టు దాటిపోతుంది.

బడ్జెట్ లక్ష లోపు. మనసు నికాన్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా జెడ్50 మార్క్ 2 మీదుంది, పక్షుల్ని గుర్తుపట్టి ఫోకస్ చేస్తుంది కాబట్టి. చిక్కల్లా నా 50 ఎంఎం 1.8డి లెన్స్‌తోనే. దాంట్లో ఫోకస్ మోటార్ లేదు, బాడీలోని మోటారే తిప్పాలి. పాత లెన్స్‌ను జెడ్ బాడీకి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టినా చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి. సెకండ్‌హ్యాండ్ నికాన్ డీ7500 తీసుకుంటే, దాని బాడీలో మోటార్ ఉంది కాబట్టి ఆ బాధ లేదు. కానీ ఇప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్ (డీ90, డీ7500 లాంటి అద్దం ఉండే కెమెరా) మీద డబ్బులు పెట్టడం దండగంటున్నాడు మా బామ్మర్ది. (ఆయన తీసేవన్నీ ఫోన్లోనే, అది వేరే సంగతి.)

రెండూ వాడినవాళ్లు జర చెప్పండి. గుడి చీకట్లో చేత్తో ఫోకస్ కుదురుతుందా, లేక ఆ లెన్స్ అమ్మేసి కొత్తది తీసుకోవడమే నయమా? సెకండ్‌హ్యాండ్‌కే వెళ్తే షట్టర్ కౌంట్ (అప్పటిదాకా తీసిన ఫొటోల లెక్క) ఎంతవరకు పర్వాలేదు?