టోనీ సంతకం భయంతోనా? స్టీవ్ నిరాకరణ స్నేహం కోసమా?

గంటస్తంభం (విజయనగరం):
దసరా సెలవుల్లో మా అన్నయ్య పిల్లలతో కూర్చుని 'కెప్టెన్ అమెరికా: సివిల్ వార్' (2016) మళ్లీ చూశాను. అవెంజర్లు అనే సూపర్ హీరోల బృందం ఇకపై ఐక్యరాజ్యసమితి సంఘం అనుమతిస్తేనే కదలాలని 117 దేశాలు ఒప్పందం రాసుకుంటాయి. ఐరన్ మ్యాన్ అయిన టోనీ స్టార్క్ సరేనంటాడు, కెప్టెన్ అమెరికా అయిన స్టీవ్ రోజర్స్ ససేమిరా అంటాడు. పిల్లలంతా స్టీవ్ పక్షం. నాకు మాత్రం సిద్ధాంతం కోసం నిలబడినవాడు ఒక్కడూ కనిపించలేదు. అవెంజర్ల పోరాటంలో సొకోవియా దేశంలో కొడుకును పోగొట్టుకున్న తల్లి నిలదీసేసరికి టోనీ కలం పట్టాడు. 2010 నాటి రెండో 'ఐరన్ మ్యాన్'లో కవచం అప్పగించమన్న సెనేటర్లను ఎగతాళి చేసినవాడు ఈయనే కదా! స్టీవ్‌ది చిన్ననాటి స్నేహితుడు బకీ మీద మమకారం, అంతే. కాదంటారా?

లైన్‌మన్ కొడుకు (శ్రీకాకుళం):
కాదంటాను మాష్టారూ. మా నాన్నగారు ఎంత అనుభవం ఉన్నా సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకోకుండా స్తంభం ఎక్కేవారు కాదు. ఆ లైనులో కరెంటు ఆపాం, పని చేసుకోండి అని అక్కడివాళ్లు చెప్పే మాటే ఎల్‌సీ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా పలాస వైపు స్తంభాలను పడగొట్టి వెళ్లాక, కరెంటు లేక జనం విసిగిపోయి ముఖం మీదే తిట్టినా ఆయన ఆ పద్ధతి తప్పలేదు. తొందరపడి ఒకడు స్విచ్చి వేస్తే అవతలి స్తంభం మీద ఉన్నవాడు పోతాడు అనేవారు. టోనీది భయమే. సొకోవియాను ధ్వంసం చేసిన రోబో అల్ట్రాన్‌ను తయారుచేసిన చేతులు తనవే కాబట్టి వాటి మీద నమ్మకం పోయింది. ఆ మాత్రం భయం లేనివాణ్ణి మా నాన్న తన పక్కన స్తంభం ఎక్కనిచ్చేవారు కాదు.

నాగావళి ఒడ్డు:
మీ ఎల్‌సీతోనే మిమ్మల్ని పట్టుకుంటాను బాబూ. సబ్‌స్టేషన్లో కూర్చున్నవాడే శత్రువైతే? 'వింటర్ సోల్జర్' (2014)లో స్టీవ్‌కు ఎదురైంది అదే. తాను జీతం తీసుకుంటున్న గూఢచారి సంస్థ షీల్డ్ నిండా శత్రుముఠా హైడ్రా మనుషులు. లక్షల మందిని ఆకాశం నుంచే చంపడానికి మూడు ఎగిరే నౌకలు సిద్ధమయ్యాయి. అన్నింటికీ పైవాళ్ల ఆమోదం ఉంది. అదంతా చూసినవాడు రెండేళ్లకే ఇంకో సంఘానికి తాళాలు అప్పగిస్తాడా? పైగా వియన్నాలో బాంబు పేలి బకీ మీద నింద పడకముందే అతను సంతకం పెట్టనన్నాడు. మమకారం తరువాత వచ్చింది.

లైన్‌మన్ కొడుకు:
తరువాత వచ్చిందా? సినిమా మొదట్లో లాగోస్‌లో జరిగిన పోరాటం మరిచిపోయారు. రమ్లో అనే పాత హైడ్రా మనిషి బకీ పేరెత్తగానే స్టీవ్ బిగుసుకుపోయాడు. ఆ క్షణంలోనే బాంబు పేలింది. స్టీవ్ బృందంలోని వాండా పేలుడును పైకి నెట్టబోతే వకాండా దేశపు సహాయకులున్న భవనానికి తగిలింది. ఆ ఒప్పందం ముందుకు రావడానికి దారి వేసింది ఆ పేరే!

నాగావళి ఒడ్డు:
ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. సంతకం విషయంలో మాత్రం నా మాట మార్చను.

కోటగుమ్మం (విజయనగరం):
మీరిద్దరూ సంతకం దగ్గరే ఆగిపోయారు. 1991 డిసెంబరు 16 నాటి వీడియో తెర మీదికి వచ్చాక ఒప్పందం ఎవరికి గుర్తుంది? టోనీ తల్లిదండ్రులను చంపిన బకీ ఎదురుగా ఉన్నాడు, ఆ సంగతి తెలిసిన స్నేహితుడు స్టీవ్ దాచాడు. బొబ్బిలి కోట కూలిన తరువాత తాండ్ర పాపారాయుడు మా విజయరామరాజును గుడారంలోనే పొడిచాడు. 1757 నుంచి ఈనాటి వరకు అతన్ని వీరుడిగానే పాడుకుంటున్నాం, విజయనగరంలో కూర్చుని కూడా. టోనీ చెయ్యి లేపితే మాత్రం అహంకారమా?

నాగావళి ఒడ్డు:
రాజు తన ఇష్టంతో దండెత్తాడు. బకీ మెదడు వేరేవాళ్ల గుప్పిట్లో ఉంది. అతను కత్తి, చెయ్యి కాదు.

కోటగుమ్మం:
కన్నతల్లి గొంతు నులిమిన చెయ్యి కళ్ల ముందు కనబడుతుంటే కొడుకు ఆ తేడా చూస్తాడా?

గంటస్తంభం:
పిల్లలకు ఈ చర్చ చదివి వినిపించాను. నేను మొదట రాసింది కొంత తొందరపాటే. ఎల్‌సీ మాట విన్నాక టోనీ భయాన్ని పిరికితనం అనలేను. స్టీవ్ అపనమ్మకానికీ కారణం ఉంది. కానీ తల్లిదండ్రుల సంగతి దాచడం ఏ అపనమ్మకం కిందికి వస్తుందో ఎవరూ చెప్పలేదు. ఆఖరున స్టీవ్ టోనీకి క్షమించమంటూ ఉత్తరం, దానితో ఒక మడత ఫోను పంపుతాడు. 2018 నాటి 'ఇన్ఫినిటీ వార్'లో అంతరిక్ష నౌక న్యూయార్క్ మీదికి వచ్చిన రోజున కూడా ఆ ఫోను టోనీ జేబులోనే ఉంది. తీశాడు, నొక్కలేదు. చివరికి స్టీవ్‌కు ఫోను చేసింది మరో అవెంజర్ బ్యానర్.