గినీ పిగ్ కేజ్ ఎంత కడిగినా వాసన పోవట్లేదు, మీరెలా చేస్తున్నారు?

కిచకిచ:
రెండు మగ గినీ పిగ్స్ ఉన్నాయి, తెచ్చుకుని నాలుగు నెలలైంది. వారానికి రెండుసార్లు కేజ్ మొత్తం ఖాళీ చేసి, సువాసన వచ్చే ఫ్లోర్ క్లీనర్‌తో రుద్ది రుద్ది కడుగుతున్నాను. మర్నాడు సాయంత్రానికే మళ్లీ ముక్కు మూసుకోవాలి. పైగా కడిగిన రోజల్లా రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పళ్లు టకటకలాడిస్తుంటాయి. నిన్న ఒకదాని చెవి కొంచెం చీరుకుంది కూడా. ఇంట్లోవాళ్లు ఎవరికైనా ఇచ్చెయ్యమంటున్నారు. కింద చెక్కపొట్టు వేస్తున్నాను, రెండంగుళాల మందం. తప్పెక్కడుందో చెప్పండి ప్లీజ్.

గడ్డివాము:
మీరు తక్కువ కాదండీ, ఎక్కువ కడుగుతున్నారు! వాటి వాసనే వాటికి ఇంటి గుర్తు. దాన్ని ఆనవాలు లేకుండా చేస్తే ఆ చోటు ఎవరిదో రెండు మగవీ మళ్లీ మొదట్నుంచీ తేల్చుకుంటాయి. పొట్టు మార్చేటప్పుడు పాతదాంట్లో పొడిగా ఉన్నది ఓ గుప్పెడు పక్కన పెట్టి కొత్తదాని మీద చల్లండి. దాక్కునే గూళ్లు రెండూ ఒకే రోజు కడక్కండి. ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకోటి. మా ఇంట్లో గొడవలు దీంతోనే సద్దుమణిగాయి. ఆ సువాసన క్లీనర్ మాత్రం ఇవాళే మానెయ్యండి.

చీపురుకట్ట:
వాసన పెంటికలది కాదు. రోజుకు ఒక్కోటి వందకు పైగానే వేస్తుంది కానీ అవి తొందరగానే ఎండిపోతాయి, చిన్న చీపురు, చేట చాలు. అసలు సమస్య నిలవున్న మూత్రం. అది అమోనియా అవుతుంది. నిలబడ్డ మనకే ఘాటు తెలుస్తుంటే, నేలకు అంగుళం ఎత్తులో ముక్కు పెట్టుకుని బతికేవాటి సంగతి చూడండి. ఊపిరితిత్తుల జబ్బులు వీటికి తొందరగా వస్తాయి.
ఓ పని చేయండి: పొట్టు మీద అరచెయ్యి పెట్టి మూలమూలా నొక్కి చూడండి. మా కేజ్‌లో పైన అంతా పొడే. గడ్డి పెట్టే చోట మాత్రం కింద ముద్దైపోయి, ఎత్తితే అట్టలా లేచింది. అవి తింటూనే అక్కడే కానిచ్చేస్తాయి మరి. ఇప్పుడు గడ్డి కింద అంచు తక్కువున్న ట్రే ఒకటి పెట్టి, కాగితపు గుళికలు పోశాను. రోజూ పొద్దున ఆ ట్రే ఒక్కటే మారుస్తాను. ఐదు నిమిషాల పని.

మెత్తటిదుప్పటి:
నేనైతే పొట్టు మానేసి ఫ్లీస్ గుడ్డకు (మెత్తటి దుప్పట్లలో వాడేది) మారాను, కింద పాత టవల్. కొత్త ఫ్లీస్‌ను రెండు మూడుసార్లు ఉతికాకే వేయాలి, లేకపోతే తడి కిందికి దిగకుండా పైనే బొట్లుబొట్లుగా నిలుస్తుంది. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే మళ్లీ అదే కథ.

చీపురుకట్ట:
ఫ్లీస్ బావుంటుంది, వాషింగ్ మెషిన్ ఫిల్టర్‌లో బొచ్చు పీకే ఓపిక ఉంటే 🙂

మెత్తటిదుప్పటి:
దులిపి, జిప్ ఉన్న వల సంచీలో వేసి ఉతకండి, ఆ బాధ ఉండదు. తడిసిన దాని మీద ఉంచేస్తే మాత్రం పాదాలు పుండ్లవుతాయి. గుడ్డైనా పొట్టైనా అంతే. పొట్టు వాడేవాళ్లు సీడర్ చెక్క పొట్టు జోలికి వెళ్లొద్దు, ఆ సువాసనే వాటికి పడదు.

కిచకిచ:
చెయ్యి పెట్టి నొక్కి చూశాను. గడ్డి తొట్టి కింద బురదే! రోజూ అదొక్కటి తీస్తే పోయేదానికి మొత్తం పారబోస్తున్నానన్నమాట. ఇంకో డౌట్, ప్లాస్టిక్ అడుగున తెల్లగా గార కట్టింది, ఎంత తోమినా రాదు. బ్లీచ్ వాడొచ్చా?

గడ్డివాము:
అది మూత్రంలోని కాల్షియం. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి పోసి అరగంట వదిలేస్తే పాత టూత్‌బ్రష్‌తో ఊడొస్తుంది. కడిగి, పూర్తిగా ఆరాకే పొట్టు వేయండి. బ్లీచ్, వెనిగర్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, రెండూ ఒకచోట వాడొద్దు. మూత్రం మరకల మీద బ్లీచ్ పోసినా ఘాటైన విషవాయువులే. అప్పుడు వాటినీ, మిమ్మల్నీ కూడా డాక్టర్‌కి చూపించాలి.

పాచినీళ్లు:
అందరూ నీళ్ల సీసా మర్చిపోయారు. లోపల వేలు పెట్టి చూడండి, జారుతుంటే పాచి పట్టినట్టే. రోజూ నీళ్లు మార్చడమే కాదు, బ్రష్‌తో తోమాలి. గొట్టంలో ఇయర్ బడ్ తిప్పితే ఏమొస్తుందో చూసి నాకు తిట్లు పెట్టొద్దు.

కిచకిచ:
పది రోజుల తర్వాత వచ్చాను. ట్రే పెట్టాను, పూర్తి క్లీనింగ్ వారానికి ఒకటే. పాత పొట్టు గుప్పెడు కలిపాను. నిన్న కడిగాక కాసేపు వాసన చూసుకున్నాయి, ఆపైన పక్కపక్కనే గడ్డి తింటూ కూర్చున్నాయి. గది తలుపు తీస్తే గడ్డి వాసన తప్ప ఏమీ లేదు. చెవి కూడా మానింది. సీసా గొట్టం సంగతి... పాచినీళ్లు గారూ, మీకు తిట్లే.

చీపురుకట్ట:
సంతోషం. ఆ తెల్ల మరక వేళ్లకు మెత్తటి పొడిలా తగిలితే మామూలే. ఇసకలా గరగరలాడినా, ఎక్కడైనా రక్తపు చార కనిపించినా జంతువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, మూత్రంలో రాళ్లు అయ్యుండొచ్చు. మావాటిలో ఒకదానికి రాళ్లున్న సంగతి అలాగే బయటపడింది, ట్రే మారుస్తుంటే.