గుండె దడదడలాడుతుంటే సిపాయి ఆలోచిస్తాడా?

తిరుచానూరు_రాజా: మా తమ్ముడు ఆర్మీ ర్యాలీ కోసం యూనివర్సిటీ గ్రౌండ్‌లో పరిగెత్తుతున్నాడు. చిన్న టెన్షన్‌కే మాట తడబడుతుంది వాడికి. ట్రైనింగ్‌లో పోతుందా?

హవల్దార్_రేణిగుంట: పోతుంది. పద్దెనిమిదేళ్లు చేశాను. కాల్పులు మొదలైతే చేతులు వాటంతటవే పనిచేస్తాయి. డ్రిల్ ఉండేదే అందుకు.

ఘాట్_డ్రైవర్: నిజం. దిగే ఘాట్‌లో బ్రేకు పట్టకపోతే చెయ్యే గేరు తగ్గిస్తుంది, భయం తర్వాత వస్తుంది.

సైకాలజీ_మేడం: అలవాటైన పనికైతే సరే. కొత్త చిక్కు వస్తే? భయంలో ఒంట్లో ఊరే అడ్రినలిన్ ఎక్కితే దృష్టి ఒక్కదాని మీదే బిగుసుకుంటుంది. తూకం వేసి చూసే మెదడు ముందుభాగం, అంటే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, మందగిస్తుంది. 1988 జూలై 3న పర్షియన్ గల్ఫ్‌లో అమెరికా యుద్ధనౌక విన్సెన్స్, పడవలతో కాల్పుల మధ్య ఉండగా, ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చింది. 290 మంది పోయారు. విమానం పైకెక్కుతోందని నౌక కంప్యూటర్‌లోనే నమోదైంది. సిబ్బంది మాత్రం దిగుతోందన్నారు. వాళ్లకు ట్రైనింగ్ లేదా?

అలిపిరి_కుర్రాడు: ఎదురుగా నంబర్ ఉంటే దిగుతోందని ఎలా అంటారు? కావాలనే చెప్పుంటారు.

హవల్దార్_రేణిగుంట: అది నేవీ. మాది ఇన్‌ఫాంట్రీ.

సైకాలజీ_మేడం: సైనికులను బందీలుగా పెట్టి, గద్దించి ప్రశ్నించే శిక్షణ అమెరికాలో ఉంది. 2004లో వచ్చిన అధ్యయనంలో 500 మందికి పైగా పాల్గొన్నారు. మర్నాడు మనుషులను వరుసగా నిలబెట్టి, ప్రశ్నించినవాడెవడో చూపమంటే, గట్టిగా గద్దించినవాణ్ణి సరిగ్గా చూపింది నూటికి 30 మందే. మెత్తగా అడిగినవాణ్ణి 62 మంది పట్టారు.

హవల్దార్_రేణిగుంట: అంటే మాకు బుర్ర లేదనా? రిటైరయ్యాక సెక్యూరిటీ ఉద్యోగానికి వెళ్తే, ‘మీవాళ్లకు ఆర్డర్ వేసేదాకా ఏమీ తోచదు కదా’ అన్నాడొకడు. మీరూ ఆ బాపతేనా?

సైకాలజీ_మేడం: తెలివి సంగతి నేనెక్కడ ఎత్తానండీ? ఒంటి సంగతి చెప్పాను. చదవకుండా కోప్పడితే ఎలా?

హవల్దార్_రేణిగుంట: చదివాను. నిద్ర కూడా పట్టలేదు. ఒక రాత్రి సెంట్రీ డ్యూటీలో నీడ కదిలితే కాల్చాను. తెల్లారి చూస్తే మా కంచర గాడిద. ‘థమ్, కౌన్ ఆతా హై’ (ఆగు, ఎవరది) అని అరిచాకే కాల్చానని నా గుర్తు. పక్కవాడు నువ్వు అరవలేదన్నాడు. భయపడ్డానని ఎంక్వయిరీలో చెబితే పనికిరానివాడని రాసేస్తారు. అందుకే రూల్ ప్రకారమే చేశానన్నాను. ట్రైనింగ్ సరిగ్గా ఒంటపట్టలేదని రాశారు. ప్రమోషన్ రెండేళ్లు ఆగింది. ఇప్పుడు మీరొచ్చి బుర్ర మందగిస్తుందంటున్నారు.

సైకాలజీ_మేడం: ఆ రాసినవాళ్లతోనే నా తగాదా అండీ, మీతో కాదు. అరిచానని మీరు ఈరోజుకీ నమ్మడం అబద్ధం కాదు.

ఘాట్_డ్రైవర్: మాకూ అంతే. ఏమైనా అయితే ‘డ్రైవర్ నిర్లక్ష్యం’. ఇంకో మాట రాయరు.

అలిపిరి_కుర్రాడు: విమానం గురించి నేనడిగింది ఇక్కడ ఎవరూ తేల్చలేదు.

తిరుచానూరు_రాజా: అన్నా, మావాడికి ఏం చెప్పమంటావు?

హవల్దార్_రేణిగుంట: రేపు ఐదింటికి గ్రౌండ్‌కి వస్తాను. నాలుగు రౌండ్లు పరిగెత్తించి, ఆయాసంలో ఉన్నప్పుడే పదిహేడో ఎక్కం అడుగుతాను. తప్పు చెప్పినా తిట్టనని చెప్పు.