డాలస్‌లో సోలార్: అటిక్‌లో పీవీసీ పైపుకి ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. నిరుడే ఇండియా నుంచి వచ్చాం, ఈ మధ్యే ఇల్లు కొన్నాం. రూఫ్ మీద సోలార్ పెట్టిస్తున్నాం, ఇన్వర్టర్ గరాజ్‌లో. కాంట్రాక్టరు అటిక్‌లోంచి, అంటే రూఫ్ కింది ఖాళీలోంచి, పీవీసీ పైపులో వైర్లు దింపుతానంటున్నాడు, ఖర్చు తక్కువట. హైదరాబాద్‌లో మా ఇంటి గోడల్లో అంతా పీవీసీయే. సరే అనేయనా?

జవాబు: అనకు తమ్ముడూ. ప్యానెల్ ఇచ్చే డీసీ కరెంటుని ఇంట్లో వాడే ఏసీగా మార్చేది ఇన్వర్టర్. అది గరాజ్‌లో ఉందంటే అటిక్‌లోంచి దిగేది డీసీ. ఇంటి లోపల సోలార్ డీసీ వైర్లు మెటల్ పైపులో గానీ, మెటల్ తొడుగున్న ఎంసీ కేబుల్‌గా గానీ పోవాలని ఇక్కడి కరెంటు పనుల కోడ్, ఎన్‌ఈసీ, 690.31లో చెబుతుంది. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. డీసీలో స్పార్క్ మొదలైతే ఏసీలోలా తేలిగ్గా ఆరదు. ప్లాస్టిక్ పైపు ఆ మంటని ఏం ఆపుతుంది?

నేనూ మొదట పీవీసీయే వేయించుకున్నా. ఇన్‌స్పెక్టర్ నిచ్చెన మీదే ఆగి, టార్చ్ వేసి, బూడిదరంగు పైపుని వేలితో రెండుసార్లు కొట్టాడు. "లోపల డీసీయేనా?" అన్నాడు. అవునన్నా. అటిక్‌లోకి పూర్తిగా ఎక్కకుండానే ఫెయిల్ అని రాసిచ్చేశాడు. మొత్తం పీకించి ఈఎంటీ అనే మెటల్ పైపు వేయించేసరికి, మిగిలిందనుకున్న డబ్బుకి రెట్టింపు పోయింది. రెండోసారి స్టిక్కర్ల దగ్గర పట్టుకున్నాడు. పైపు మీద ఎర్రటి సోలార్ లేబుల్ ప్రతి 10 అడుగులు దాటకుండా ఒకటి ఉండాలి, నేను రెండు చివర్లే అంటించా.

రూఫ్ మీద పైపుని పెంకులకి ఆనించి పరిచేస్తారు, అది చూసుకో. రూఫ్‌కీ పైపుకీ మధ్య ముప్పావు అంగుళం పైచిలుకైనా, సరిగ్గా చెప్పాలంటే 7/8 అంగుళం, ఖాళీ లేకపోతే, వైరు ఎంత కరెంటు మోస్తుందో చూసే వేడి లెక్కలో మరో 33 డిగ్రీల సెల్సియస్ కలపాలి. మన 38 డిగ్రీల ఎండకి అది 71 అవుతుంది. కోడ్ టేబుల్లో 40 ఆంప్స్ ఉన్న 10 గేజ్ వైరు 20కి పడిపోతుంది. కింద చిన్న స్టాండ్లు పెట్టి లేపితే అదే వైరు 36 దాకా మోస్తుంది. రెండు డాలర్ల స్టాండు దగ్గర బేరం పెట్టకు.

ప్రశ్న: థాంక్స్ అన్నా. మైక్రో ఇన్వర్టర్లు పెట్టుకుంటే ఈ గొడవ ఉండదా?

జవాబు: అవి ఒక్కో ప్యానెల్ కింద ఉండే చిన్న ఇన్వర్టర్లు, కాబట్టి డీసీ అక్కడే ఆగిపోతుంది, దిగేది ఏసీ, ఆ మెటల్ రూలు వర్తించదు. అయినా మన అటిక్‌లో పీవీసీ వద్దంటాను. 50 డిగ్రీలు దాటే చోట మామూలు పీవీసీకి కోడ్ ఒప్పుకోదు, ఆగస్టులో ఒక్కసారి ఎక్కి చూడు, నీకే తెలుస్తుంది.

సిటీ పర్మిట్ ఆఫీసులో ఏ సంవత్సరం ఎన్‌ఈసీ నడుస్తోందో అడుగు, ఊరు మారితే అదీ మారుతుంది. కాంట్రాక్టరు సిటీకిచ్చిన డ్రాయింగ్ కాపీ తీసుకో. అందులో పైపు ఏదో రాసుంటుంది. పీవీసీ అనుంటే సంతకం పెట్టక ముందే మార్పించు.