విశాఖలో కారు టైర్లు మార్చాలి: చవకవా, మధ్యరకమా, ఖరీదైనవా?

ప్రశ్న:
నమస్కారమండీ. మేము మధురవాడలో ఉంటాము. రోజూ కారులో గాజువాకకు ఉద్యోగానికి వెళ్లి వస్తాను. ఏడాదికి రెండు మూడుసార్లు పిల్లలతో అరకు వెళ్తాము. కారుతో వచ్చిన టైర్లు (కొలత 185/65 ఆర్15) నలభై వేల కిలోమీటర్లు దాటాయి. ముందు రెండూ బాగా అరిగిపోయాయి, వెనుకవి కొంత నయం. దుకాణంలో మూడు ధరలు చెప్పారు. ఖరీదైనవే వేయించమని మా బావగారు, ఏదైనా రబ్బరే కదా అని మెకానిక్కు అంటున్నారు. ఏది సబబో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం:
ఇంటర్నెట్‌లో ఈ విషయంపై కనిపించే సలహాల్లో చాలావరకు విదేశాలవి. అక్కడ చవక టైరు అంటే ఎక్కువగా ఊరూ పేరూ తెలియని దిగుమతి సరుకు. మన దగ్గర కారు టైరుపై ఐఎస్ఐ గుర్తు (ఐఎస్ 15633) తప్పనిసరి; పైగా 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో చేర్చింది. అందువల్ల మీకు దుకాణంలో చవకగా చూపించేది చాలావరకు పేరున్న కంపెనీ తయారుచేసిన సాదా మోడలే అయి ఉంటుంది. దాన్ని చూసి భయపడనక్కరలేదు, కానీ అది దేనికోసం తయారైందో తెలుసుకుని కొనాలి.

నా దృష్టిలో కంపెనీ పేరుకంటే మోడల్ పేరు ముఖ్యం. అపోలోలో అమేజర్ ఎక్కువ కిలోమీటర్లు రావడం కోసం చేసినది, ఆల్నాక్ సౌకర్యం, రోడ్డుపై పట్టు కోసం చేసినది. సియట్‌లో మైలేజ్ (Milaze), సెక్యురాడ్రైవ్ అనే మోడళ్ల మధ్య తేడా కూడా ఇటువంటిదే. త్వరగా అరగకూడదంటే రబ్బరు మిశ్రమం గట్టిగా ఉండాలి, తడి రోడ్డును పట్టుకోవాలంటే కొంత మెత్తగా ఉండాలి. రెంటినీ ఒకే టైరులో ఇమడ్చడానికి సిలికా కలిపిన మెరుగైన మిశ్రమం కావాలి, మీరు చెల్లించే అదనపు ధరలో కొంత భాగం దానికే పోతుంది.

మీ దారిని బట్టి చూస్తే నేను తడి పట్టుకే ఓటు వేస్తాను. మనకు జూన్‌లో మొదలైన వానలు నవంబరు దాకా ఏదో ఒక రూపంలో పడుతూనే ఉంటాయి, అక్టోబరులో తుపానుల భయం ఉండనే ఉంది. మీరు వెళ్లే జాతీయ రహదారిపై బరువు లారీలు ఎక్కువ; చాలా రోజుల తరువాత పడిన మొదటి జల్లుకు రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జారుడుగా తయారైనప్పుడు, ముందున్న లారీ హఠాత్తుగా ఆగితే మీ కారు ఎంత దూరంలో ఆగుతుందన్నది టైరు మీదే ఆధారపడి ఉంటుంది. అనంతగిరి ఘాట్‌లో దిగేటప్పటి తడి మలుపుల సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇక డబ్బు సంగతి. ఖరీదైన టైరు ఎక్కువకాలం వచ్చి తన ధరను తానే రాబట్టుకుంటుందని అంటారు గానీ, నేను ఒప్పుకోను. లెక్క కోసం చవకది 4,500 రూపాయలకు 50,000 కిలోమీటర్లు, మధ్యరకం 5,800కు 45,000, ఖరీదైనది 7,500కు 40,000 వస్తుందనుకుందాం. నాలుగు టైర్లకు కలిపి కిలోమీటరుకు వరుసగా 36, 52, 75 పైసలు పడుతుంది. మీరు ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితే చవకదానికి, మధ్యరకానికి తేడా సుమారు 2,300 రూపాయలు; అక్కడినుంచి ఖరీదైనదానికి వెళ్లాలంటే ఇంకో 3,500. మొదటి మెట్టు ఎక్కడం వల్ల వచ్చే లాభం నాకు స్పష్టంగా కనిపిస్తుంది. రెండో మెట్టు మీద శబ్దం తగ్గుతుంది, వేగంలో స్థిరత్వం పెరుగుతుంది. తరచూ రాత్రిపూట విజయవాడ దాకా నడిపేవారికి అది అవసరమే, మీకు మాత్రం తప్పనిసరి కాదు. మధ్యరకంలో పట్టు కోసం చేసిన మోడల్ అడగండి.

మరొకరి స్పందన:
నేను సీతమ్మధారలో ఉంటాను, కారు వారానికి ఒకసారే తీస్తాను. నాకు చవకవి చాలవా?

సమాధానం:
ధర తక్కువైనా ఫరవాలేదు గానీ, ఎక్కువ కిలోమీటర్లు వస్తాయని చెప్పి అమ్మే మోడల్ మాత్రం మీకు వద్దు. మీ వాడకంలో బటన్లు (టైరుపై గాడుల మధ్య ఉండే రబ్బరు దిమ్మలు) అరిగేలోపే రబ్బరు వయసు మీరి గట్టిపడుతుంది. ఎండలో నిలిపి ఉంచే కారుకు ఇది మరీ త్వరగా జరుగుతుంది. అయిదేళ్లు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించడం, పదేళ్లకు ఎలా ఉన్నా మార్చడం కంపెనీలే ఇచ్చే సలహా.

అందుకే తయారీ తేదీ అందరూ చూడాలి. టైరు పక్కగోడపై డీఓటీ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర, చిన్న అండాకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 3225 అని ఉంటే 2025లో 32వ వారం అన్నమాట. ఈ అంకెలు సాధారణంగా ఒకవైపు మాత్రమే ఉంటాయి. బిగించాక అవి లోపలివైపుకు పోతే కారు కింద దూరితే తప్ప కనిపించవు. కాబట్టి బిగించకముందే నాలుగింటినీ పక్కపక్కన పెట్టించి చదవండి. ధరలో తగ్గింపు బాగా ఎక్కువగా ఉన్నచోట మరింత శ్రద్ధగా చదవాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఇప్పటికి రెండే కొనగలను. అరిగినవి ముందువే కాబట్టి కొత్తవి ముందే వేయించవచ్చునా?

సమాధానం:
వద్దండీ. కొత్తవి వెనుక వేయించి, వెనుక ఉన్నవాటిని ముందుకు మార్పించండి. తడి మలుపులో ముందు చక్రాలు జారితే కారు నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు దారికి వస్తుంది. వెనుకవి జారితే మాత్రం కారు గిర్రున తిరుగుతుంది, అప్పుడు దానిని అదుపు చేయడం మామూలు డ్రైవరు తరం కాదు. అయితే పాతవాటి గాడిలో అరుగుదల తెలిపే చిన్న గుర్తు దిబ్బలను ఒకసారి చూడండి. బటన్లు వాటితో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్లే, అప్పుడు నాలుగూ మార్చక తప్పదు.

కొత్త టైరుపై 185/65 ఆర్15 తరువాత ఉన్న అంకె, అక్షరం కూడా పాతదానితో సరిపోల్చండి. 88హెచ్ అంటే ఒక్కో టైరు 560 కిలోల బరువు, గంటకు 210 కిలోమీటర్ల వేగం తట్టుకుంటుంది. కారు పుస్తకంలో రాసినదానికంటే తక్కువది తీసుకోకండి. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అదే రోజు చేయించండి, లేకపోతే ఎంత మంచి టైరైనా ఒక అంచున అరిగిపోతుంది. గాలి ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరుపై ఉంటుంది. బిల్లుపై టైర్ల నంబర్లు రాయించుకోండి. గుంతలో పడి పక్కగోడ ఉబ్బితే సాధారణ వారంటీ వర్తించదు. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకు అటువంటి నష్టానికి కూడా హామీ ఇస్తున్నాయి కనుక, ధర తేడా కొద్దిగా ఉన్నప్పుడు ఆ మోడల్ వైపే మొగ్గండి.