రోడ్డు వెడల్పు కోసం నంబర్లు వేసిన పాత చెట్లు: మేము ముందుగా ఏమి అడగాలి?

చింతనీడ:
మా పట్టణంలో బస్టాండు నుంచి జూనియర్ కళాశాల వరకు రోడ్డుకు రెండు వైపులా ఉన్న చింత, వేప, నిద్రగన్నేరు చెట్లకు పోయిన వారం ఎర్రరంగుతో నంబర్లు వేసి వెళ్లారు. నంబరు 63 దగ్గర ఆగింది. మా తాతగారు బడికి వెళ్లే రోజులకే అవి పెద్ద చెట్లట. ఇప్పుడు వాటి కింద చెప్పులు కుట్టే ఆయన, ఇస్త్రీ బండి, మజ్జిగ అమ్మే ఆవిడ బతుకుతున్నారు. అధికారులను అడిగితే, ఒక్కో చెట్టుకు పది మొక్కలు నాటుతామని, వీలైన చెట్లను వేళ్లతో సహా తీసి మరోచోట నాటుతామని అన్నారు కానీ, ఆ మరోచోటు ఎక్కడో చెప్పలేదు. మేము ఇరవై మందిమి పోగయ్యాము. ధర్నాతో మొదలుపెట్టాలా, కోర్టుకు వెళ్లాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మర్రిదారి:
మాది చేవెళ్ల ప్రాంతం. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే దారిలో, పోలీసు అకాడమీ నుంచి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల రోడ్డు పక్కన దాదాపు 900 మర్రిచెట్లు ఉన్నాయి. నాలుగు వరుసల విస్తరణలో అవి పోతాయని తెలిసినప్పుడు కొందరు మొదట చేసిన పని నినాదాలివ్వడం కాదు, చెట్టు చెట్టునూ లెక్కపెట్టి ఎక్కడెక్కడ ఉందో నమోదు చేయడం. జాతీయ రహదారి విస్తరణ వంద కిలోమీటర్లకు మించితేనే పర్యావరణ అనుమతి కావాలన్న నిబంధన వల్ల మా రోడ్డుకు ఆ పరిశీలనే జరగలేదు. చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కు (పర్యావరణ కేసులు వినే ప్రత్యేక న్యాయస్థానం) వెళ్లాక పర్యావరణ ప్రభావాన్ని అధ్యయనం చేయాలన్న ఆదేశం వచ్చింది. చివరికి చాలా చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నింటిని మాత్రమే తరలించేలా ప్రణాళిక మారింది. అయితే దీనికి ఏళ్లు పట్టింది, అది మీరు ముందే తెలుసుకోవాలి.

రోజూ ప్రయాణికుడు:
మర్రిదారి గారు ఒక విషయం చెప్పలేదు. 2025 నవంబరు 3న అదే దారిలో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. ఇరుకు రోడ్డు మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగేవాళ్లకు చెట్ల కేసు మీద కోపం రావడం సహజం. చెట్లు వద్దని నేను అనను, కానీ రోడ్డే వద్దన్నట్టు వినిపించే ఉద్యమం వెంట ఊరు రాదు.

విశ్రాంత ఇంజనీరు:
పై మాట నిజమే, అందుకే మీ అర్జీ మొదటి వాక్యంలోనే రోడ్డు కావాలని రాయండి. డ్రాయింగులో రోడ్డు గీతను ఎటు జరపవచ్చన్నదే వాదన కావాలి. రెండు వైపులా సమానంగా వెడల్పు చేయడం డ్రాయింగు వేసేవాడికి సులువు. ఒకవైపుకే జరిపితే రెండో వరుస చెట్లు మిగులుతాయి, ఒక్కోసారి ఆ వరుసే మధ్య డివైడరు అవుతుంది. సమాచార హక్కు చట్టం కింద ఆ డ్రాయింగుల నకళ్లు అడగండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద చెట్లు కొట్టడానికి అనుమతి తీసుకున్నారో లేదో కూడా అదే దరఖాస్తులో అడగండి. ఇక తరలింపు మాటను అంత తేలిగ్గా నమ్మకండి. మర్రి, రావి కొమ్మ పాతినా చిగురిస్తాయి కాబట్టి అవి బతికే అవకాశం ఎక్కువ. లోతుకు వేళ్లు దిగిన ముదురు చింతను కొమ్మలన్నీ నరికి, వేరు కోసి, క్రేనుతో ఎత్తి పాతితే, రెండేళ్ల పాటు నీళ్లు పోసే మనిషి లేకపోతే అది నిలబడిన కట్టెగా మిగులుతుంది. పది మొక్కల లెక్క నాకెప్పుడూ అర్థం కాలేదు. మజ్జిగ ఆవిడ ఏ మొక్క నీడన కూర్చోవాలి?

షెఫీల్డ్‌లో ఉంటాను:
ఇంగ్లాండులో నేనుండే ఈ నగరంలో 2012లో మొదలైన పాతికేళ్ల రోడ్ల ఒప్పందంలో వీధి చెట్లు 17,500 కొట్టి కొత్తవి నాటే అంకె ఉందని తరువాత బయటపడింది. 2016 నవంబరులో ఒకరోజు తెల్లవారుజామున ఐదింటికే రస్ట్లింగ్స్ రోడ్డు చెట్లను కొట్టడానికి వచ్చి, అడ్డుపడిన డెబ్భై ఏళ్లు దాటిన ఇద్దరు మహిళలను అరెస్టు చేశారు. నగర పాలకమండలికి అది తీరని మచ్చ అయింది. 2018లో నరకడం ఆగేసరికి వేల చెట్లు పోయాయి. 2023లో విచారణ నివేదిక వచ్చాక పాలకమండలి క్షమాపణ చెప్పింది. ఒప్పందంలో ఏముందో మొదటే చదివి ఉంటే ఆ వేల చెట్లలో కొన్నయినా మిగిలేవేమో. మీ కాంట్రాక్టు ప్రతిని కూడా అడగండి.

చింతనీడ:
అందరికీ ధన్యవాదాలు. ఆదివారం టేపు పట్టుకుని మేమే కొలిచాము. నంబరు పడిన 63 చెట్లలో 27 మురుగుకాలువకు అవతల ఉన్నాయి. రోడ్డు అంతవరకు వస్తుందా అని అడిగితే, మాతో పాటు నడిచిన వార్డు సభ్యుడు కూడా రాదనే అన్నారు. రేపు ఇచ్చే అర్జీలో రోడ్డు కావాలన్న మాట మొదటి వాక్యంగా, ఆ 27 చెట్లకు నంబరు ఎందుకు వేశారన్నది రెండో వాక్యంగా రాశాము. ధర్నా సంగతి జవాబు వచ్చాక ఆలోచిస్తాము.