ఇంగ్లండ్‌లో ఇల్లు కొనుగోలు: సొలిసిటర్‌ను ఎలా ఎంచుకోవాలి?

అందరికీ నమస్కారం. రెడింగ్‌లో రెండు పడకగదుల లీజ్‌హోల్డ్ (నిర్ణీత ఏళ్ల లీజు మీద ఉండే) ఫ్లాట్‌కు మేమిచ్చిన ఆఫర్‌ను అమ్మకందారులు గత వారం అంగీకరించారు. ఎస్టేట్ ఏజెంట్ ఒక న్యాయసంస్థను గట్టిగా సూచిస్తున్నారు గానీ, ఆ సిఫారసుకు వారికి రుసుము ముడుతుందని వారిచ్చిన కాగితంలోనే ఉండడంతో, అక్కడికి వెళ్లడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు.

మాకున్న అసలు చిక్కు డిపాజిట్ గురించి. అందులో సగానికి పైగా మా నాన్నగారు తెనాలి దగ్గర ఎకరంన్నర మాగాణి అమ్మి మాకు బహుమతిగా పంపుతున్నారు. మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం ఆ డబ్బు ఎక్కడిదో సొలిసిటర్‌కు (మా తరఫున కొనుగోలు పనులు చూసే న్యాయవాదికి) రుజువు చూపాలి. మా దగ్గరున్న విక్రయ దస్తావేజేమో, ‘తూర్పు: పంట కాలువ, పడమర: డొంక’ అంటూ పూర్తిగా తెలుగులో ఉంది. ఇలా పొలం అమ్మిన సొమ్ముతో ఇక్కడ ఇల్లు కొన్నవారు ఎవరైనా ఉంటే, మీ సొలిసిటర్ ధ్రువీకరించిన అనువాదంతో సరిపెట్టుకున్నారా, నాన్నగారి బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా అడిగారా, దయచేసి వివరంగా చెప్పగలరు. నాన్నగారిని పదేపదే రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిప్పడం నాకు ఇష్టం లేదు.

లీజు 84 ఏళ్లే మిగిలి ఉన్నందున, దాని పొడిగింపు, సర్వీస్ ఛార్జీల లెక్కలు శ్రద్ధగా చదివేవారు కావాలి. లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ (ఆస్తి బదిలీ పనులకు ప్రత్యేకంగా లైసెన్సు ఉన్నవారు) రుసుము తక్కువగా ఉంది. ఇలాంటి వ్యవహారానికి వారు సరిపోతారా, సొలిసిటరే మేలా? మా రుణదాత ప్యానెల్‌లో (వారు ఆమోదించిన న్యాయసంస్థల జాబితాలో) ఉన్నారా అన్నది కాక, మొదటి ఫోన్‌లోనే ఏమేమి అడగాలి?